కిలోన్నర ఉప్పు

మన కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగడతాయి. అందులోని సోడియాన్ని ఉప్పు లెక్కకు మారిస్తే సుమారు కిలోన్నర! 99 శాతానికి పైగా తిరిగి రక్తంలోకే చేరుతుంది. మూత్రంలో పోయేది దాదాపు మనం తిన్నంతే. ఇంత పెద్ద మొత్తంలో అంత సన్నటి తేడాను పట్టుకునే నేర్పు నన్నెప్పుడూ అబ్బురపరుస్తుంది.

బీపీ ఉన్నవాళ్లలో తేడా వచ్చేది ఇక్కడే. మామూలుగా రక్తపోటు పెరిగితే కిడ్నీ ఎక్కువ సోడియాన్ని బయటకు పంపి దాన్ని దించుతుంది. అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ గైటన్ దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. పోటు ఎక్కువగానే నిలిచిపోయిందంటే, అదే ఉప్పును వదిలించుకోవడానికి కిడ్నీకి ఇప్పుడు ఎక్కువ పోటు కావాల్సి వస్తోందని ఆయన వాదన. ఆల్డోస్టిరాన్ హార్మోన్ మోతాదు మించినా కిడ్నీ ఉప్పును పట్టి ఉంచుతుంది. చాలామంది వాడే థయాజైడ్ మాత్ర కిడ్నీ నాళికల్లో సోడియం వెనక్కి వెళ్లకుండా అడ్డుపడుతుంది.

ఈ సంచికను ఉప్పుకే కేటాయించాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే చాలంటోంది. ఆవకాయ, అప్పడం, పెరుగన్నంలో కలుపుకునే చిటికెడు, అన్నీ ఆ లెక్కలోవే. సైంధవ లవణమూ ప్రధానంగా సోడియం క్లోరైడే. పొటాషియం కలిపిన ఉప్పు కొందరికి మేలే గానీ, కిడ్నీ జబ్బున్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా దాని జోలికి వెళ్లొద్దు.