పెద్దబాతుల పెంపకం: పొదిగించక ముందే పిల్లలకు ఏర్పాట్లు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని చెరువు గట్లు, పచ్చిక బీళ్లు ప్రధానంగా గడ్డి మేసే పెద్దబాతులకు అనువైనవి. అయితే కోడితో పోలిస్తే పెద్దబాతు ఏడాదిలో పెట్టే గుడ్లు బహుస్వల్పం. ఒక విడత చెడితే చిన్నరైతు మరుసటి ఋతువు వరకు వేచి ఉండవలసిందే.

కోడిగుడ్డుకు 21 రోజులు చాలగా, పెద్దబాతు గుడ్డు పొదగడానికి సుమారు 30 రోజులు పడుతుంది. యంత్రంలో ఆ నెలంతా 37.5 డిగ్రీల సెల్సియస్ వేడి నిలకడగా ఉండాలి. విద్యుత్ అంతరాయం ఈ తీరానికి కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు శ్రీకాకుళం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కావున చిన్నరైతుకు పొదుగు కోడియే నమ్మదగిన ఆధారం. దాని కింద నాలుగైదు గుడ్లకు మించరాదు. బరువైన గుడ్లను కోడి సరిగా తిప్పలేదు గనుక రోజుకు మూడుసార్లు చేతితో తిప్పాలి.

పిల్ల బయటపడటంతో పని ముగియదు. తొలివారం సుమారు 32 డిగ్రీల వెచ్చదనం, కాళ్లు జారని పొడి పరుపు అవసరం. దాణాలో నియాసిన్ లోపిస్తే కాళ్లు వంకరపోతాయి. కోడి పొదిగిన పిల్లలకు తల్లిబాతు ఈకల జిడ్డు అందదు. ఈకలు రాకముందే చెరువులోకి వదిలితే తడిసి, చలికి చనిపోతాయి.

గరివిడి పశువైద్య కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు ఈ ఏర్పాట్లను గుడ్లు పొదగవేయక ముందే నేర్పాలి. ఫలితాన్ని పొదిగిన గుడ్ల శాతంతో గాక, నెల నిండిన పిల్లల సంఖ్యతో లెక్కించడమే సముచితం.