బర్మా భరిణె

కృష్ణపట్నమున మా యింటి దేవునిగూటిలో లక్కపూత గల వెదురు భరిణె యొకటి కలదు. మా అవ్వ దానిని బర్మానుండి తెచ్చినది.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. పిమ్మట లక్షలకొలది భారతీయులు స్వదేశమునకు బయలుదేరిరి. ఓడ దొరకనివారు అడవులు, కొండలు దాటుచు నడచిరి; వేలమంది త్రోవలోనే మరణించిరి.

అవ్వ గాజులు బియ్యమునకు చెల్లిపోయినవి. భరిణెను కొనువారు లేక అది మిగిలినది. ఆ నడకలో జ్వరముచే పోయిన ఆమె పసిబిడ్డ మొలత్రాడు దానిలో నున్నది. అవ్వ బ్రతికియుండగా ఆ బిడ్డ పేరు నేనడుగలేదు. ఇప్పుడు చెప్పువారు లేరు.

మీ యిండ్లలో నిట్టి వస్తువున్నచో, పెద్దలుండగనే దాని కథ నడిగి, పేర్లతో సహా వ్రాసి, దానితోనే యుంచుడు.