క్లోనింగ్‌పై భారత్ ఓటు, రాయని చట్టం

క్లోనింగ్ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా టీవీ చర్చల్లో ఒక మాట వినిపిస్తుంటుంది: మానవ క్లోనింగ్‌ను ఐక్యరాజ్యసమితి నిషేధించింది, భారత్ కూడా నిషేధించింది అని. రెండూ సరికావు. సమితి చేసింది ఎవరినీ కట్టిపడేయని ఒక ప్రకటన మాత్రమే. దానికి భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. ఇక మన దేశంలో ఉన్నవి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు. వాటిని చట్టమనలేం. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రె బొమ్మ వేసి, దేవుడి పనిలో మనిషి తలదూర్చవచ్చా అని అడగడం తేలిక. అసలు చిక్కు ఆ ఓటులో, ఆ తర్వాత మనం రాయకుండా వదిలేసిన చట్టంలో ఉంది.

2001లో ఫ్రాన్స్, జర్మనీ సమితి ముందు పెట్టిన ప్రతిపాదన చాలా పరిమితమైనది. క్లోనింగ్‌తో బిడ్డను పుట్టించడాన్ని నిషేధిస్తూ ఒక అంతర్జాతీయ ఒడంబడిక కావాలన్నాయి. దానికి అభ్యంతరం చెప్పిన దేశమంటూ దాదాపు లేదు. కానీ అమెరికా, కోస్టారికా వంటి దేశాలు చికిత్స కోసం చేసే క్లోనింగ్‌ను కూడా కలిపి నిషేధించాల్సిందేనని పట్టుబట్టాయి. ఈ రెండో రకంలో పిండాన్ని గర్భంలో పెట్టరు. కొద్ది రోజులు ప్రయోగశాలలో పెంచి, మూలకణాలు తీసుకుంటారు. రోగి కణాలతోనే రోగికి సరిపడే కణజాలం తయారుచేయవచ్చన్నది దాని వెనుక ఉన్న ఆశ. ఆ పిండం కూడా మనిషేనన్నది అవతలి పక్షం నమ్మకం. 2003 నవంబరులో న్యాయ వ్యవహారాల కమిటీ చర్చను వాయిదా వేయాలని 80-79తో, అంటే ఒక్క ఓటు తేడాతో తీర్మానించింది. ఒడంబడిక ఆ తర్వాత కోలుకోలేదు. చివరికి 2005 మార్చి 8న సర్వసభ్య సభ, మానవ గౌరవానికీ ప్రాణరక్షణకూ పొసగని మేరకు అన్ని రకాల మానవ క్లోనింగ్‌నూ నిషేధించాలని సభ్య దేశాలను కోరింది. అనుకూలం 84, వ్యతిరేకం 34, తటస్థం 37. పొసగుతుందా లేదా అన్నది ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకోవచ్చు.

వ్యతిరేకించిన ఆ 34 దేశాల్లో బ్రిటన్, చైనా, జపాన్‌లతో పాటు భారత్ కూడా ఉంది. బిడ్డను పుట్టించే క్లోనింగ్‌కు తాము పూర్తిగా వ్యతిరేకమనీ, చికిత్స కోసం చేసేదాన్ని మాత్రం ఒక్కో సందర్భాన్ని బట్టి పరిశీలించవచ్చనీ మన ప్రతినిధి వివరించారు. అది సరైన ఓటేనని నా నిశ్చితాభిప్రాయం. అంతా నిషేధించాలని పంతం పట్టినవాళ్ల వల్ల, అందరూ ఒప్పుకున్న ఒక్క నిషేధం కూడా ప్రపంచానికి దక్కకుండా పోయింది.

అయితే న్యూయార్క్‌లో అంత స్పష్టంగా గీసిన గీతను మనం ఢిల్లీలో చట్టంగా రాసుకోలేదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు బిడ్డను పుట్టించే క్లోనింగ్‌ను నిషిద్ధం అన్నాయి. మూలకణాల కోసం క్లోనింగ్ పిండాన్ని తయారుచేయడాన్ని జాతీయ కమిటీ అనుమతి ఉంటేనే చేయాల్సిన పరిశోధనల్లో చేర్చాయి. ఏ పిండాన్నీ 14 రోజులు దాటి పెంచకూడదన్నాయి. మంచి నియమాలే. మీరితే జైలుకు పంపే శక్తి వాటికి లేదు. క్లినికల్ ట్రయల్స్ బయట మూలకణ చికిత్సలు చేయవద్దని ఇవే మార్గదర్శకాలు చెబుతున్నా, ఆటిజం నయం చేస్తామంటూ క్లినిక్‌లు తల్లిదండ్రుల దగ్గర డబ్బు వసూలు చేయడం చూస్తూనే ఉన్నాం.

చట్టం ఉన్నచోట కూడా చిల్లు పడగలదని బ్రిటన్ అనుభవం చెబుతుంది. అక్కడి 1990 నాటి చట్టం పిండాన్ని ఫలదీకరణ ఆధారంగా నిర్వచించింది. క్లోనింగ్‌లో ఫలదీకరణే జరగదు. అండంలోని కేంద్రకాన్ని తీసేసి, మరో కణపు కేంద్రకాన్ని పెడతారు. ఈ తేడాను పట్టుకుని, గర్భస్రావాన్ని వ్యతిరేకించే ప్రో-లైఫ్ అలయన్స్ కోర్టుకెక్కింది. క్లోనింగ్ పిండం ఆ చట్టం పరిధిలోకి రాదని 2001 నవంబరులో హైకోర్టు తీర్పు చెప్పింది. అంటే ఆ క్షణాన బ్రిటన్‌లో మనిషి క్లోనింగ్‌కు చట్టపరమైన అడ్డే లేకుండా పోయింది. పార్లమెంటు హడావుడిగా డిసెంబరు 4 నాటికి ప్రత్యేక నిషేధ చట్టం తెచ్చింది. 1990 చట్టం రాసిన ఉద్దేశాన్ని బట్టి క్లోనింగ్ పిండం కూడా దాని కిందికే వస్తుందని 2003 మార్చిలో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

ఇరవై ఏళ్ల తర్వాత, 2021లో మన పార్లమెంటు సహాయక పునరుత్పత్తి చట్టం చేసింది. అందులో పిండం అంటే ఫలదీకరణ తర్వాత 56 రోజుల వరకు ఎదిగే జీవి అని రాసుకున్నాం. బ్రిటన్ పడిన గోతిలోనే మనమూ కాలు పెట్టాం. లార్డ్స్ లాగా మన సుప్రీంకోర్టు కూడా ఉద్దేశాన్ని చూస్తుందని కొందరు వాదిస్తారు. శిక్ష వేసే చట్టాన్ని అక్షరానికి మించి సాగదీయకూడదన్నది మన కోర్టులు పాటిస్తున్న సూత్రం. దాని ముందు ఆ ఆశ ఎంతవరకు నిలుస్తుంది?

ఇక నైతికత. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ప్రశ్న అండాలది. డాలీ కోసం ఒక్కోదానికి ఒక్కో అండంతో 277 ప్రయత్నాలు చేస్తే పుట్టింది ఒక్క గొర్రెపిల్ల. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ-సుక్ మానవ క్లోనింగ్ పిండాల నుంచి మూలకణాలు తీశానని 2004, 2005లలో ప్రకటించాడు. ఆ పరిశోధన బూటకమని తేలింది. అందుకోసం మహిళల నుంచి సేకరించిన రెండు వేలకు పైగా అండాలు మాత్రం నిజం. ఇచ్చినవాళ్లలో డబ్బు తీసుకున్నవారున్నారు, అతని ప్రయోగశాలలోనే పనిచేసే యువతులూ ఉన్నారు. మన 2021 చట్టం దాత జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వాలని, ఏడుకు మించి తీయకూడదని అంటోంది. పేద మహిళల శరీరాలను కాపాడే ఆ హద్దు పరిశోధన పేరుతో చెరిగిపోకూడదు.

జపాన్ శాస్త్రవేత్త యమనాక 2006లో మామూలు కణాలనే మూలకణాల స్థితికి మళ్లించాక, ఇక చికిత్సా క్లోనింగ్‌తో పనేముందని అడిగేవారున్నారు. అవసరం తగ్గిన మాట నిజమే. అయినా 2013లో అమెరికాలోని ఓరెగాన్‌లో శాస్త్రవేత్త మితలిపోవ్ బృందం క్లోనింగ్ పిండాల నుంచి మానవ మూలకణాలను తీసి చూపింది. కేంద్రకాన్ని ఒక అండం నుంచి మరో అండంలోకి మార్చే నైపుణ్యంతోనే, తల్లి నుంచి సంక్రమించే మైటోకాండ్రియా వ్యాధులను ఆపే చికిత్సను 2015లో బ్రిటన్ అనుమతించింది. ఈ దారి మూసేయాల్సినది కాదు.

అందుకే 2021 చట్టానికి సవరణ కావాలి. కేంద్రకాన్ని మార్చి చేసిన పిండాన్నీ నిర్వచనంలో చేర్చాలి. దాన్ని గర్భంలో ప్రవేశపెడితే మొదటి తప్పుకే జైలు ఉండాలి. ఇదే చట్టంలో పిండాలను అమ్మినవారికి మొదటిసారి జరిమానాతోనే సరిపెట్టారు, ఇక్కడ ఆ సడలింపు పనికిరాదు. 14 రోజుల లోపు పరిశోధనకు లైసెన్సు ఇవ్వాలి. దానికి వాడే అండాలు సంతాన చికిత్సలో మిగిలినవై ఉండాలి, ఇచ్చిన మహిళ రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి, డబ్బు చేతులు మారకూడదు. సరోగసీ చట్టం ఏర్పరిచిన జాతీయ, రాష్ట్ర బోర్డులే ఈ చట్టానికీ బోర్డులు కాబట్టి కొత్త యంత్రాంగం అక్కర్లేదు.