పంతంగి టోల్ దగ్గర నుంచి ఒక విన్నపం

వరల్డ్స్ ఎడ్జ్ స్టూడియో వారికి, చౌటుప్పల్ నుంచి.

మా ఊరు హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఉంటుంది. రాత్రి మీ ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ ఆడుతుంటే తెర మీద ట్రేడ్ కార్టులు, కిటికీ బయట లారీలు. రెండూ ఆగవు. నా ఫిర్యాదు ఆ కార్టుల మీదే.

1999 నాటి ఆటను ఇప్పటికీ విడిచిపెట్టలేకపోతున్నామంటే నా లెక్కలో ఒక కారణం, బంగారం అయిపోవడం. గుర్రమెక్కిన నైట్‌కు 60 తిండి, 75 బంగారం కావాలి. బల్లెం పట్టేవాడికి 35 తిండి, 25 కట్టె చాలు. గుర్రాల దండును ఈ చవక బల్లేలే కూలుస్తాయి. బల్లేలను విలుకాళ్లు, విలుకాళ్లను బంగారం అడగని, ఈటెలు విసిరే స్కిర్మిషర్లు. ఇద్దరే ఆడే ఆటలో గనులు ఖాళీ అయ్యాక ఎంత మొనగాడైనా కట్టెలు కొట్టుకొచ్చి, ఉన్నదాంతో నెట్టుకురావాల్సిందే. ఆ ఇరుకులోనే అసలు తెలివి బయటపడుతుంది.

నలుగురికి నలుగురు ఆడితే ఈ ఇరుకే రాదు. మిత్రుడి మార్కెట్‌కు ఆ ట్రేడ్ బండ్లు పోయి వస్తున్నంతసేపూ బంగారం ఊరుతూనే ఉంటుంది; మార్కెట్లు ఎంత దూరమైతే అంత రాబడి. అప్పుడిక కరువల్లా చోటుకే. 200 జనాభాలో పనివాళ్లూ బండ్లూ పోగా మిగిలిన చోట్లో, తలకొక్కంటికి ఎక్కువ బలమున్న సైనికుణ్నే ఎవడైనా నింపుతాడు. బ్లాక్ ఫారెస్ట్ మ్యాప్‌లో గోడ కట్టుకుని కూర్చుంటే గంట తర్వాత చూడండి, నైట్లు ముదిరి అయిన పాలడిన్లే, పాలడిన్ల వెనక పాలడిన్లు. చచ్చినదాని చోట ఇంకోటి. మా జట్టులో దీనికి ‘పత్తి పెట్టిండు’ అని పేరు. మా నల్లగొండ వైపు చేలల్లోనూ పత్తి వెనక పత్తే కదా.

పాలడిన్ బలం తగ్గించండి అని అడగడం లేదు. ఇవాళ దాన్ని తగ్గిస్తే రేపు ఆ చోట్లోకి ఇంకోటి వస్తుంది. మందు మార్చినంత మాత్రాన పంట మారదు కదా.

దారి మీకు తెలియనిదీ కాదు. 2022 ఏప్రిల్‌లో ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ విస్తరణ తెచ్చినప్పుడు అందులోని ద్రవిడులకు నైట్‌నే ఇవ్వలేదు. కవచాన్ని లెక్కచేయని ఊట్జ్ ఉక్కునిచ్చారు, గోడలు కూల్చే ఏనుగునిచ్చారు. అలవాటైన గుర్రం లేకపోయేసరికి మేం కొత్తగా ఆలోచించాం.

నేనడిగేది చిన్నది. మా పంతంగి టోల్ దగ్గర లారీ దాటిన ప్రతిసారీ ఎంతో కొంత కడుతుంది. మీ బండి మాత్రం పైసా కట్టకుండా అదే దారిలో గంటల తరబడి తిరుగుతుంది. అవే రెండు మార్కెట్ల మధ్య తిరిగేకొద్దీ రాబడి కొంచెం కొంచెంగా తగ్గనివ్వండి. కొత్తచోట మార్కెట్ కట్టాలంటే గోడ దాటాలి, గోడ దాటితే బల్లెం కావాలి, విల్లు కావాలి. ఇలా రాబడి తగ్గితే ఆట తెగక సాగుతుందని మా జట్టులోనే ఇద్దరు గొడవ పెట్టుకున్నారు. వాళ్ల మాటలోనూ నిజముంది. అందుకే అందరిమీదా రుద్దొద్దు; ఆట మొదలుపెట్టే ముందు ఎంచుకునే వీలుగా పెట్టండి.

సంక్రాంతికి పంతంగి దగ్గర బండ్లు బారులు తీరతాయి. ఆ రోజుల్లో మేమెటూ రోడ్డెక్కం, ఇంట్లోనే ఉంటాం. అప్పటికి ఇవ్వగలిగితే ముందు మేమే ఆడి చూస్తాం.

ఇట్లు,
చౌటుప్పల్ ఆటగాడొకడు