గోవాడ ఏ గణం?

చోడవరం దగ్గర గోవాడ మాది. చెరకు పండే ఊరు. ఫ్యాక్టరీకి బండి తోలినవాళ్ళకు కాటా చీటీ విలువ తెలుసు. ఒక బండి చీటీ మరో బండికి పోయిందా, ఒకరి చెరకు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఇది తెలిసి కూడా నేను అదే తప్పు చేశాను. చెరకుతో కాదు లెండి, ఛందస్సుతో!

కాలేజీలో తెలుగు చెబుతాను. పిల్లలు పుస్తకం మరిచినా ఫోను మరువరు కదా అని, గురులఘువుల పాఠం వెబ్ పేజీగా తయారుచేశాను. ‘మా ఊరు గోవాడ’ అని రాసి, పై వరసలో ఖాళీలు కొట్టి కొట్టి, ప్రతి అక్షరం నెత్తినా దాని గుర్తు నిలబెట్టాను. మురిసిపోయాను కూడా.

తరువాత పరీక్షలో గోవాడ ఏ గణమో రాయమన్నాను. ఒక అమ్మాయి ‘వా’ లఘువని రాసింది. దీర్ఘం లఘువెలా అవుతుందని రెండు మార్కులు కోసేశాను. ఆ పిల్ల కళ్ళ నీళ్ళతో ఫోను చూపించింది.

“మీరు పెట్టిందే చదివానండీ, మేష్టారూ!”

నిజమే. గుర్తులన్నీ ఎడమకు జరిగిపోయాయి. ‘డ’ మీది నిలువు గీత ‘వా’ నెత్తినెక్కింది. వరసగా ఎన్ని ఖాళీలు పెట్టినా వెబ్ పేజీ మామూలుగా ఒక్కటిగానే చూపుతుందట!

“కాగితం మీద రాసి ఫోటో తీసి పెట్టరాదుటండీ?” అంది మా ఆవిడ. పెట్టాను. మా క్లాసులో చూపులేని కుర్రవాడొకడు ఫోను చదివి వినిపిస్తే విని నేర్చుకుంటాడు. “బొమ్మ అని ఊరుకుంటోందండీ” అన్నాడు.

లెక్కల మేష్టారితో మొర పెట్టుకుంటే నవ్వారు. సమీకరణాల గతీ ఇంతేనట. 1977లో డొనాల్డ్ నూత్ అనే పండితుడు తన పుస్తకం ప్రూఫుల్లో లెక్కల అచ్చు చూసి రోసి, ‘టెక్’ అనే కూర్పు విధానాన్నే తయారుచెయ్యడానికి పూనుకున్నాడు. వెబ్ ఆలోచన 1989లో జెనీవా దగ్గర భౌతికశాస్త్ర పరిశోధనాలయమైన సెర్న్‌లో పుట్టింది. అయినా గణితం రాసే ‘మేథ్‌ఎమ్‌ఎల్’కు ఆమోదం 1998లోగాని రాలేదు. క్రోమ్‌లో అది కుదురుకునేసరికి 2023 వచ్చింది. అందాకా ఎన్నో సమీకరణాలు నా పాఠంలాగే బొమ్మలై కూర్చున్నాయి.

నాకు దారి జపానువాళ్ళు చూపించారు. వాళ్ళు కష్టమైన అక్షరాల మీద ఉచ్చారణను చిన్న అక్షరాలతో వేసుకుంటారు. వెబ్‌లో అందుకోసం ‘రూబీ’ అనే ఏర్పాటు ఉంది. 2001లో ఆమోదం పొందింది. అక్షరాన్నీ గుర్తునూ కలిపి ముడివేస్తే, తెర ఇరుకైనా వెడల్పయినా గుర్తు తన అక్షరంతోనే నడుస్తుంది, కాటా చీటీ బండితో పోయినట్టు. పాఠమంతా మళ్ళీ అలా కూర్చాను. కింద ‘గురువు, గురువు, లఘువు: త గణం’ అని మాటల్లోనూ రాశాను. ఆ కుర్రవాడు విని, “ఇప్పుడు తెలిసిందండీ” అన్నాడు.

అమ్మాయికి రెండు మార్కులూ తిరిగి వేశాను. కోత పడవలసిన ఖాతా నాదే మరి!