గడ్డి లేని గోపూజ

2025 ఫిబ్రవరిలో పేపర్లన్నీ ఒక వార్త రాశాయి. బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవు నలభై కోట్ల రూపాయలకు పైగా పలికిందట, అది మన ఒంగోలు జాతిదట. బడుల్లో, టీ కొట్ల దగ్గర అందరూ ఛాతీ విరుచుకున్నారు. మేమూ సంతోషించాం. కానీ ఆ ఆవు ఏం తిని అంత బలిసింది, దాని జాతిని అక్కడ దేనికోసం పెంచుతున్నారు అని అడిగితే మాట తప్పించారు.

అడిగాం కాబట్టి మేమే చెప్తాం. ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో మన పశువులు ఓడలెక్కి బ్రెజిల్ పోయాయి. 1960ల దాకా పోతూనే ఉన్నాయి. నెల్లూరు పేరే అక్కడ 'నెలోర్' అయింది. ఇవాళ ఆ దేశపు మాంసం మందల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. ఎండకు తట్టుకుంటుంది, పిడుదు పురుగుకు జంకదు, దాణా అడగదు, బయలు మీద గడ్డి తిని పెరుగుతుంది. పెంచేది మాంసం కోసం. మనవాళ్లు మురిసిపోయిన వార్తలో మింగుడుపడని ముక్క అదే.

మేము సుగాలీలం. లేపాక్షి, చిలమత్తూరు, గోరంట్ల వైపు తండాల్లో పుట్టి, టీచరు ట్రైనింగు చేసి, అదే తండాల పిల్లలకు పాఠాలు చెప్తున్నవాళ్లం. మాకు పశువుల మీద ప్రేమ ఎలా ఉండాలో నేర్పడానికి ఈమధ్య చాలామంది బయలుదేరారు. వాళ్లకు మా చరిత్ర కొంచెం చెప్పాలి. మా సేవాభాయా 1739లో ఈ అనంతపురం గడ్డ మీదే, గుత్తి ప్రాంతంలో పుట్టారని మా నమ్మకం. ఆయన మందలు కాసినవాడు. మా పెద్దలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసి దక్కను అంతా తిరిగారు. 1791–92లో శ్రీరంగపట్నం మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేరింది బంజారా ఎద్దుల మీదే. తర్వాత రైలు వచ్చింది, బరువు పోయింది. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కిందికి మావాళ్లనూ తెచ్చారు. తిరుగుడు మానుకుని, గడ్డీ నీళ్లూ ఉన్న గుట్టల పక్కన తండా వేసుకున్నాం. మొదట చూసుకున్నది పొలం కాదు, మేత.

ఆ మేత ఏమైంది? వాన పడితే ఈ గుట్టల మీద బోద, గరిక మొలిచేవి. మంద పొద్దున్నే దొడ్డి వదిలితే సాయంత్రానికి కడుపు నిండి వచ్చేది. ఎండాకాలం చెరువు కింద కోసిన మళ్ల వైపు తోలేవాళ్లం. ఎరువు కోసం రైతులే పిలిచి పొలంలో రాత్రికి మంద కట్టించుకుని గింజలు ఇచ్చేవాళ్లు. జొన్న, సజ్జ, కొర్ర వేసినంత కాలం చొప్ప ఉండేది. జిల్లా అంతా వేరుశనగ అయ్యాక ఆ చొప్పా పోయింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే చోట కాయ ఎండిన ఏడు మనిషికి అప్పు, పశువుకు పస్తు.

ఇక బీడు సంగతి. లేపాక్షి పేరు పెట్టుకుని నాలెడ్జ్ హబ్ వస్తుందని చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,800 ఎకరాలకు పైగా కట్టబెట్టారు. అందులో అసైన్డ్ భూమీ ఉంది, ప్రభుత్వ భూమీ ఉంది. హబ్ రాలేదు. భూమి బ్యాంకుల తాకట్టుకూ కోర్టు కేసులకూ పనికొచ్చింది. కదిరి వైపు ఎన్.పి.కుంటలో వేల ఎకరాల మీద సోలారు పలకలు పరిచారు. కరెంటు వద్దని మేము అనం. కానీ కాగితంలో 'బంజరు' అని రాసిన భూమి మా లెక్కలో బంజరు కాదు, మంద మేసే చోటు. ఆ రాసే ఆఫీసరుకు పైరు లేకపోతే ఖాళీగా కనిపిస్తుంది. ఊళ్లో నాలుగు ఆవులున్న ముసలవ్వను అడిగి రాస్తే ఇంకోలా రాసేవాడు.

2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామాలకు తిరిగి అప్పగించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టంలో మేపు హక్కు స్పష్టంగా ఉంది, తిరిగే కాపరుల మాటా ఉంది. అయినా గుట్టెక్కిన పిల్లోడికి చలానా రాసేవాళ్లే ఎక్కువ. మా జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. 1/70 చట్టం మమ్మల్ని కాయదు. ఆదివాసీ భూమి అంటే మన్యం ఒక్కటే గుర్తొచ్చే మన సోదర రచయితలకు కూడా ఈ ముక్క చెప్పాలనే ఇక్కడ రాస్తున్నాం.

గడ్డి ఒక వాకిలి. మందకు రెండో వాకిలి సంత. ఈ మాట కటువుగానే చెప్తాం. మా తండాల్లో చాలా ఇళ్లలో ఆవు మాంసం తినరు. తినే మాల మాదిగలూ తురకలూ మా పక్క ఊళ్లవాళ్లే, వాళ్ల తిండి మీద మాకు పెత్తనం లేదు. ఇంకా చెప్పాలంటే ఇన్నాళ్లూ మా మందను నిలబెట్టింది వాళ్ల పళ్లెమే. ఈతలు అయిపోయిన ఆవు, కాలు విరిగిన ఎద్దు, దున్నడానికి ట్రాక్టరు వచ్చాక పనిలేకుండా పోయిన కోడెదూడ, వీటిని బేరగాడికి అమ్మితే వచ్చిన డబ్బుతో పడ్డనో పెయ్యనో కొనేవాళ్లం. మంద మారుతూ ఉండేది, చావకుండా ఉండేది.

1977 నాటి మన రాష్ట్ర చట్టం ఆవునూ దూడనూ కోయొద్దంది. ఎద్దుకైతే పనికిరాదని సర్టిఫికెట్ కావాలంది. 2017 మేలో కేంద్రం సంతలో కోతకు పశువును అమ్మడానికే వీల్లేదని నియమాలు తెచ్చింది. ఆ జులైలో సుప్రీంకోర్టు దేశమంతా నిలిపేసింది. 2021 నుంచి సరిహద్దు అవతల కర్ణాటకలో పదమూడేళ్లు దాటిన గేదె తప్ప ఏదీ కోయకూడదు. మాది సరిహద్దు. లారీ అటు తిరిగితే ఒక చట్టం, ఇటు తిరిగితే ఇంకో చట్టం. మధ్యలో దారి కాసేవాళ్లకు ఏ చట్టమూ అక్కర్లేదు. బేరగాడు భయపడి రాడు, వచ్చినా సగం ధర అంటాడు. చివరికి ముసలి గొడ్డును తాడు విప్పి రోడ్డు మీద వదులుతున్నారు. అది ప్లాస్టిక్ కవర్లు తిని చస్తుంది. దీన్ని గోరక్షణ అంటున్నారు.

లెక్క కూడా చూడండి. 2019 పశుగణనలో, 2012తో పోలిస్తే దేశంలో నాటు పశువులు 6 శాతం తగ్గాయి. ఈ ఏడేళ్లలో పూజలు తగ్గలేదు. మాకు లోనుమీద ఇచ్చేది సంకరజాతి ఆవు. దానికి పచ్చిమేత, దాణా, రోజూ బోలెడు నీళ్లు కావాలి. బోరు ఎండిన తండాలో అది రెండేళ్లు బతికితే గొప్ప. ఆవు పోయాక వాయిదా మిగులుతుంది, వాయిదా కోసం తల్లిదండ్రులు బెంగళూరు బిల్డింగు పనికి పోతారు, మా క్లాసులో రెండు బల్లలు ఖాళీ అవుతాయి. ఎండను తట్టుకునే హళ్లికారు మా పక్కనే ఉంది. ఘాటి సుబ్రహ్మణ్య జాతరలో దాని జతలు ఎంత పలుకుతాయో చూడండి. గడ్డి ఉంటే ఆ జాతిని ఈ గుట్టల మీద మేమే పెంచగలం. ఎవరూ మాకు నేర్పక్కర్లేదు.

బ్రెజిల్ లాగా పెద్ద పెద్ద రాంచ్‌లు కావాలని మేము అడగడం లేదు. అక్కడ మందల బయళ్ల కోసం అమెజాన్ అడవి కాలింది, ఆ అడవిలో ఉన్న మనలాంటి ఆదివాసుల ఊళ్లు పోయాయి. ఒక కుటుంబానికి కంచె కట్టిన వేల ఎకరాలు మాకు రోత. మాకు కావలసింది పది తండాలు కలిసి మేపుకునే ఉమ్మడి కంచ, అందులో కంపచెట్లు కొట్టి గడ్డి మొలవనిచ్చే ఉపాధి హామీ పని, కోడెల ఎంపిక మా చేతిలో, భయం లేని సంత.

బడిలో 'ఆవు' మీద వ్యాసం రాయమంటే పిల్లలందరూ ఒకటే రాస్తారు, ఆవు సాధు జంతువు, పాలు ఇచ్చును అని. ఎక్కడ మేయును అని ఒక్కరూ రాయరు, పుస్తకంలో లేదు కాబట్టి. లేపాక్షిలో ఒకే రాతిలో చెక్కిన నంది చుట్టూ పచ్చిక పెంచి, నీళ్లు పోసి, కంచె వేసి కాపలా పెట్టారు. బాగుంది. మేసే బసవన్నకు కంచె ఒక్కటే మిగిలింది.

వచ్చే గ్రామసభకు మేము ఒక్క పని మీద పోతున్నాం. మీ ఊళ్లలో మీరూ పోండి. అడంగల్ తెప్పించి మేత పోరంబోకు ఏ సర్వే నంబర్లలో ఎన్ని ఎకరాలు రాసి ఉందో గట్టిగా చదివి వినిపించమనండి. తర్వాత అందరూ కలిసి ఆ నంబరు దగ్గరికి నడిచి పోయి, అక్కడ ఇప్పుడు ఏముందో చూసి రండి.