గేర్లు ఎన్ని అని కాదు, చైను కొలిచారా అని అడగండి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, ఈసారి ఉపన్యాసం మానేసి పనికొచ్చే సంగతి రాద్దామనుకున్నాం. మా వరండాలో గోడకు ఆనించి ఉండే రేసు సైకిలును చూసినవాళ్లంతా రెండే ప్రశ్నలు వేస్తున్నారు. ఎంతయింది? ఎన్ని గేర్లు? మొదటిదానికి జవాబు ఆరు వేల లోపు. రెండోదానికి పదహారు. కానీ అడగవలసిన ప్రశ్న ఈ రెండూ కాదని మా అభిప్రాయం.

మా జూనియర్ తమ్ముడొకడు యూనివర్సిటీ సైక్లింగ్ జట్టు సెలక్షన్లకు వెళ్తానన్నాడు. వాడికున్నది నల్ల సైకిలు. మన హాస్టల్లోనే చదివి ఉద్యోగంలో స్థిరపడిన ఒక అన్న తాను వాడని రేసు సైకిలు ఫ్రేము, చక్రాలు, బ్రేకులు ఇచ్చారు. చైను, గేర్లు మాత్రం లేవు. ఆరుగురం స్కాలర్‌షిప్పు డబ్బుల్లోంచి తలా వెయ్యి వేసుకున్నాం. మెస్ బాకీ, పరీక్ష ఫీజు పక్కన పెట్టి తీసిన డబ్బది. పోతే మళ్లీ రాదు.

అయినా మొదట తప్పే చేశాం. ఒక పాత సామాన్ల షాపులో క్రాంకు, డిరైలర్లు, వెనక పళ్ల చక్రాల గుత్తి అంటే కేసెట్, చైను అన్నీ కలిపి 2,500కు వస్తే ఎగిరి గంతేసి తెచ్చాం. కిరోసిన్‌తో కడిగిన చైను తళతళలాడుతోంది. రెండో వారంలో ఫ్లైఓవరు ఎక్కుతూ తమ్ముడు లేచి నిలబడి తొక్కాడు. చైను జారింది, మోకాలు హ్యాండిలుకు కొట్టుకుంది. సెలక్షన్లు దగ్గర పడిన రోజుల్లో పది రోజులు సాధన పోయింది.

పాత బస్టాండు దగ్గర సైకిలు బాగుచేసే పెద్దాయన ఆ చైను మీద పన్నెండంగుళాల ఇనుప స్కేలు పెట్టి చూపించాడు. సైకిలు చైనులో ఒక పిన్నుకు, పక్క పిన్నుకు మధ్య దూరం అరంగుళం. కొత్త చైనులో 24 పిన్నుల దూరం సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగేదాకా తొక్కితే కేసెట్ పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి. అప్పుడు కొత్త చైను వేసినా జారుతుంది. మాది ఎనిమిదో వంతు దాటింది. మా రూములో అందరి దగ్గరా స్కేలు ఉంది. కొనేముందు ఒక్కరికీ కొలవాలని తోచలేదు.

ఎందుకు తోచలేదో తర్వాత మాట్లాడుకున్నాం. చిన్నప్పటి నుంచి హాస్టల్లో ఇచ్చిన దుప్పటి, ఇచ్చిన పెట్టె, ఇచ్చిన పుస్తకం కళ్లకద్దుకుని తీసుకున్నవాళ్లం. చౌకగా దొరికితే అదే అదృష్టం అనుకునే అలవాటు మనకుంది. కొలిచి, బేరమాడి, ఇది వద్దు అనడం మర్యాద కాదనుకుంటాం. తక్కువ డబ్బున్నవాడే ఎక్కువ కొలవాలి. రెండుసార్లు కొనే స్తోమత లేనివాడు వాడే కదా.

మిగిలిన డబ్బుతో ఏం చేశామో చెబుతాం. చైను, కేసెట్ రెండూ అరిగిపోయే సరుకు కాబట్టి కొత్తవి కొన్నాం. రెండింటికీ కలిపి 2,200 అయింది. క్రాంకు, డిరైలర్లు పాతవే ఉంచాం. పళ్లు కొక్కెంలా వంగకుండా ఉంటే, డిరైలరు పక్కకు ఒరగకుండా ఉంటే పాతవి ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

వెనక ఎనిమిది చక్రాలే చాలనుకున్నాం. షిమానో వారి రోడ్డు సైకిలు సామానులో క్లారిస్‌కు వెనక 8, సోరాకు 9, టియాగ్రాకు 10 ఉంటాయి. అంకె పెరిగే కొద్దీ ధర పెరుగుతుంది, చైను సన్నబడుతుంది. కేసెట్ 11 నుంచి 28 పళ్లదే అయితే ఎనిమిదైనా పదైనా కొసలు అవే, మధ్యలో మెట్లే ఎక్కువ. లెక్క చూడండి. ముందు 44, వెనక 18 పళ్లున్న నల్ల సైకిలు ఒక్క తొక్కుకు సుమారు 5.4 మీటర్లు పోతుంది. ఎత్తయినా పల్లమైనా అంతే. మా సైకిలుకు ముందు 50, 34 పళ్ల చక్రాలున్నాయి. ఎత్తులో 34-28 వేస్తే 2.5 మీటర్లు, పల్లంలో 50-11 వేస్తే 9.5 మీటర్లు. మన ఊళ్ల రోడ్లకు ఇంతకంటే ఏం కావాలి?

హ్యాండిలు మీద బ్రేకూ గేరూ కలిసి ఉండే లీవర్లు ఈ మొత్తం సామానులో బాగా ఖరీదైనవి. వాటి బదులు ఫ్రేము గొట్టానికి బిగించే పాతకాలం లీవర్లు పెట్టాం. క్లిక్కులు లేనివి కాబట్టి ఎన్ని చక్రాల కేసెట్‌కైనా సరిపోతాయి. పందెంలో చెయ్యి కిందికి దింపి గేరు మార్చడం నష్టమేనని మాలో ఒకడు వాదించాడు. నిజమే, ఆ నష్టం ఉంది. కానీ డబ్బు పెట్టవలసి వస్తే ముందు పడిపోకుండా ఉండటానికి పెట్టాలి, ఆ తర్వాతే వేగానికి.

ఇవాళ గేర్లకు మారుపేరైన ఆ షిమానో 1921లో జపాన్‌లోని సకాయ్‌లో మొదలైనప్పుడు మొదట చేసిన వస్తువు గేరు కాదు, ఫ్రీవీలు. మన నల్ల సైకిలుకుండే లాంటిదే. కాబట్టి మా దగ్గర నల్ల సైకిలే ఉంది, ఈ కబుర్లు మాకెందుకు అనుకోకండి. స్కేలు లెక్క దానికీ వర్తిస్తుంది.

తమ్ముడు సెలక్షన్లలో ఒక్క స్థానంలో తప్పిపోయాడు. చైను మాత్రం జారలేదు. వచ్చే ఏడాది మళ్లీ వెళ్తాడు.

చివరగా అన్నలకు, అక్కలకు ఒక మనవి. ప్రతి వార్షికోత్సవానికి మీరు ప్రేమతో గోడ గడియారాలు ఇస్తున్నారు. ఇప్పుడు హాలులో నాలుగున్నాయి, నాలుగూ నాలుగు టైములు చూపిస్తున్నాయి. ఈసారి ఒక పనిముట్ల పెట్టె ఇప్పించండి. చైను పిన్ను తీసేది, కేసెట్ విప్పేది, క్రాంకు లాగేది, బీబీ కప్పు స్పానరు, ఒక గ్రీజు డబ్బా, ఒక ఇనుప స్కేలు చాలు. మరలున్న బీబీలో చాలా ఫ్రేములకు కుడివైపు కప్పు ఎదురు తిప్పితేనే బిగుస్తుందన్న సంగతి లాంటివి నేర్పే పూచీ మాది. పెట్టె తాళం వార్డెన్ గారి దగ్గర, పుస్తకం మా దగ్గర ఉంటాయి. ఎవరు తీసుకున్నారో, ఎప్పుడు తిరిగిచ్చారో రాసి పెడతాం.